తూము పక్కన మనిషి

నా చిన్నప్పుడు మా వీధిలో నన్ను గురించి అందరూ ఒకే మాట అనేవారు, ఈ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదని. అది నిజమే. పక్కింట్లో ఏం కూర వండారో ఎదురింటికి, ఎదురింట్లో ఎవరు అలిగారో పక్కింటికి నేనే చేరవేసేదాన్ని. అలాంటి నా చేత ఒక ఏడాది పాటు రెండు రహస్యాలు మోయించారు మా అమ్మా, మా నాయనా. ఇద్దరూ మంచివాళ్ళే. అయినా ఆ ఏడాది తలచుకుంటే ఇప్పటికీ నాకు ముందు కోపం వస్తుంది, ఏడుపు ఆ తర్వాతే వస్తుంది.

మాది కార్వేటినగరం. డెబ్బైలు అయిపోయి ఎనభైలు మొదలైన రోజులు. మా నాయనకు బజారులో ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో స్టూడియో, వెనక మా కాపురం, మధ్యలో కిటికీ లేని చీకటి గది. ఆ గదిలో ఎర్ర బల్బు వెలిగించుకుని ఆయన ఫోటోలు కడిగేవాడు. పెళ్ళిళ్ళు, పరీక్షల ఫోటోలు, తిరుపతిలో గుండు కొట్టించుకుని వచ్చిన పిల్లల ఫోటోలు, వీటితోనే మా ఇల్లు గడిచేది. ఇంట్లో ఎప్పుడూ మందునీళ్ళ వాసన ఉండేది. ఆ వాసన లేని ఇళ్ళకు వెళితే నాకు ఏదో వెలితిగా అనిపించేది.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. ఊరి బయట కొండల కింద ఉన్న పెద్ద చెరువును కాలం మారినప్పుడల్లా ఫోటో తీసేవాడు. ఎప్పుడూ ఒకే చోటు నుంచి, కట్టకు ఎదురుగా ఉన్న నల్లబండ మీద నిలబడి. మంచు కాలంలో ఒకటి, ఎండల్లో ఒకటి, తొలి వానలకు ఒకటి, చెరువు నిండితే ఒకటి. పెళ్ళి ఫోటోలు తీయగా ఫిలింలో చివర ఒకటో రెండో మిగిలితే వాటిని చెరువు కోసం దాచేవాడు. బజారులో వాళ్ళు ఎగతాళి చేసేవారు. "నీళ్ళకు ఫోటో తీస్తే నీళ్ళు దుడ్డిస్తాయా అప్పా?" అని టీ కొట్టతను అడిగితే మా నాయన నవ్వి, క్యాలెండర్లు వేసేవాళ్ళకు పంపుతానని చెప్పేవాడు. ఎవరికీ పంపిన జ్ఞాపకం నాకు లేదు.

ఆ ఏడాది మంచు కాలంలో మొదటిసారి నన్ను కూడా చెరువుకు తీసుకుపోయాడు. ఆయన కెమెరా మెడకు వేలాడేది, పైనుంచి తల వంచి అద్దంలోకి చూడాలి. ఆ అద్దంలో బొమ్మ తిరగబడి, ఎడమ కుడిగా, కుడి ఎడమగా కనిపిస్తుంది. అందుకని నాకొక పని చెప్పాడు. "నువ్వు ఎడమ నుంచి కుడికి ఏమేమి కనపడతా ఉండాదో సెప్పుకుంటా రా పాపా. ఒకటి కూడా ఇడిసిపెట్టొద్దు" అన్నాడు. మాట్లాడమని ఒకరు నన్ను అడగడం అదే మొదలు. నేను ఎగిరి గంతేశాను. తూము, తూము పక్కన గడ్డి కోస్తున్న ఆడమనిషి, కట్ట, కట్ట మీద రెండు తాటిచెట్లు, నీళ్ళలో కొమ్ముల దాకా మునిగిన ఎనుములు, అవతలి ఒడ్డున మామిడితోపు, దాని వెనక కొండ, కుడి చివర మొరవ. మొరవ అంటే చెరువు నిండినప్పుడు నీళ్ళు పొర్లిపోయే చోటు. అప్పటికి అది ఎండి, రాళ్ళు తేలి ఉంది.

నేను చెప్పినదంతా విని ఆయన కాసేపు అద్దంలోకే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, తూము పక్కన మనిషి నిజంగా ఉందా అని మళ్ళీ అడిగాడు. ఉందన్నాను. మంచులో ఆ మనిషి ముఖం నాకు కనిపించలేదు. ఆయనకు మనిషే కనిపించలేదని నాకు అప్పుడు తట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఎడమ పక్కనుంచి ఒక ఎద్దులబండి వచ్చింది. బండివాడు అదిలిస్తున్నా, ఎద్దుల మెడలో గంటలు మోగుతున్నా మా నాయన ఎటు తప్పుకోవాలో తెలియక బండికే అడ్డం నడిచాడు. చక్రం ఆయన్ని రాసుకుంటూ పోయింది. కెమెరాను పైకెత్తి పట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాడు. పంచె చిరిగింది, మోకాలు చీరుకుపోయింది. నేను ఏడుస్తుంటే నన్ను గట్టు మీద కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాడు. ముందర ఉన్నది బాగానే కనిపిస్తోందట, పక్కలు మాత్రం కనిపించడం లేదట. ఆ పక్కలు రోజురోజుకూ దగ్గరికి ముడుచుకొస్తున్నాయట.

"మీ అమ్మకు సెప్పొద్దు పాపా. ఆమె బయపడిపోతాది. ఊర్లో తెలిస్తే ఫోటోలకు ఎవురొస్తారు?" అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకున్నాడు.

ఆ సాయంత్రం మా అమ్మ పెరట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. నేను దూరంగా తిరుగుతున్నాను, దగ్గరికి వెళితే నోరు జారుతుందని భయం. ఆమే పిలిచింది. తలెత్తకుండా, "నాయనకు మోకాలు బాగా కొట్టుకున్నిందా?" అని అడిగింది. నేను చెప్పలేదు, ఆయన చెప్పలేదు, మరి ఈమెకెలా తెలిసింది? అప్పుడు మా అమ్మ తన సంగతి చెప్పింది. తూము పక్కన గడ్డి కోసిన మనిషి ఆమే. అన్నం తింటూ పక్కనున్న నీళ్ళ చెంబును ఆయన మాటిమాటికీ తన్నేస్తుంటే ఎప్పుడో కనిపెట్టిందట. ఆయన ఒంటరిగా చెరువుకు పోతే బండ మీద నుంచి జారిపడతాడని, గడ్డి పేరుతో గంప నెత్తిన పెట్టుకుని కట్ట మీదుగా వెళ్ళి, ఎదురుగా నిలబడి కాపలా కాస్తోందట. తిరిగి వచ్చేటప్పుడు మా వెనకాలే వచ్చిందట.

"నాకు తెలుసునని నాయనకు సెప్పొద్దు మే. ఆయప్ప మానం గల మనిషి. తట్టుకోలేడు" అంది. ఆమె కూడా ఒట్టు వేయించుకుంది, అదే తల మీద.

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఆమెకు తెలియకూడదని ఆయన, తెలుసునని ఆయనకు తెలియకూడదని ఆమె, మధ్యలో నేను. ఒట్టు తప్పితే ఒట్టు వేసిన తల పగిలిపోతుందని మా పక్కింటి అక్క చెప్పి ఉండేది. ఏ మాట మాట్లాడితే ఏ రహస్యం బయటపడుతుందో తెలియక మాట్లాడడమే మానేశాను. వీధిలో వాళ్ళు ఆశ్చర్యపోయారు. ఈ పిల్లకు దిష్టి తగిలిందని పక్కింటి అక్క ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు ఘాటు రాలేదు, చూశారా ఎంత దిష్టి ఉందో అని ఆమె సంతోషపడింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మా అమ్మ నీళ్ళ చెంబును ఆయన విస్తరికి ఎదురుగా పెట్టడం మొదలుపెట్టింది. నడవలో ఉన్న మంచాన్ని చీమలు పడుతున్నాయని చెప్పి గోడకు జరిపింది. పెళ్ళి ఫోటోలకు వెళుతుంటే, పాపకు పెళ్ళి భోజనం ఇష్టమని చెప్పి నన్ను తోడు పంపేది. నేను ఆయన ఎడమ మోచేతిని ఆనుకుని నిలబడేదాన్ని. పెళ్ళికూతురి మేనమామ అటు నుంచి వస్తుంటే ఒకసారి లాగేదాన్ని, దీపపు స్తంభం అడ్డముంటే రెండుసార్లు లాగేదాన్ని. తాళి కట్టే ఫోటో బాగా వచ్చిందంటే ఆ రాత్రి మాత్రం నేను కడుపునిండా అన్నం తినేదాన్ని.

ఇందులో అన్నిటికన్నా అన్యాయం ఒకటుంది. వేలూరులో కంటి డాక్టర్లు ఉన్నారని మా ఊళ్ళో అందరికీ తెలుసు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరవచ్చు. ఆయన పెళ్ళిళ్ళు అయిపోనీ అని ఒకసారి, ఎండలు తగ్గనీ అని ఒకసారి వాయిదా వేసుకున్నాడు. అసలు సంగతి ఏమిటంటే డాక్టరు నోట ఆ మాట వినడానికి భయం. పోదాం పద అని మా అమ్మ అనలేదు, ఎందుకంటే ఆమెకు ఏమీ తెలియనట్టు కదా. నేను అనలేను, నా తల మీద రెండు ఒట్లు. ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు గానీ, గుట్టు దాచినా చేటే వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. నెలలు గడుస్తూనే ఉన్నాయి, ఆయన చూపు పక్కల నుంచి ముడుచుకొస్తూనే ఉంది.

ఎండాకాలంలో మళ్ళీ చెరువుకు వెళ్ళాము. చెరువు అడుగంటి నెర్రెలిచ్చింది. రైతులు బండ్లు కట్టుకుని వచ్చి అడుగున ఉన్న మట్టిని పొలాలకు తోలుకుంటున్నారు. గడ్డి లేదు గనక మా అమ్మ ఆ రోజు పేడ గంపతో వచ్చింది. తూము పక్కన, నీడ లేని చోట, చేత్తో కళ్ళకు ఎండ అడ్డం పెట్టుకుని మావైపే చూస్తూ నిలబడింది. తూము అంటే దాని పక్కనున్న ఆమెను కూడా చెప్పాలి. అందుకని తాటిచెట్ల నుంచి మొదలుపెట్టాను. నాయన ఏమీ అనలేదు. అమ్మయ్య, గమనించలేదు అనుకున్నాను. తొలి వానలకు వెళ్ళినప్పుడు కూడా తాటిచెట్ల నుంచే మొదలుపెట్టాను. అప్పుడూ ఏమీ అనలేదు.

ప్రతిసారీ ఫోటో కడిగిన తర్వాత దాన్ని వెనక వసారాలో వెలుతురుకు తెచ్చుకుని భూతద్దం పెట్టి చాలాసేపు చూసేవాడు. ముఖాల మీద మచ్చలు దిద్దడానికి వాడే భూతద్దం అది. చెరువులో ఏం మచ్చలు దిద్దుతాడో నాకు అర్థమయ్యేది కాదు. చూసి, ఆ ఫోటోను వెనకటి ఫోటోల పక్కన పెట్టి, లేచి వెళ్ళిపోయేవాడు.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. చాలా ఏళ్ళ తర్వాత చెరువు నిండి మొరవ పారింది. మా వైపు చెరువు మొరవ పారితే ఊరంతా పండగే. ముత్తయిదువులు గంగమ్మకు పసుపు, కుంకుమ, చీర, గాజులు తీసుకుపోయి పారే నీళ్ళలో వదులుతారు. మా వీధి ఆడవాళ్ళు కూడా పళ్ళాలు పట్టుకుని బయలుదేరారు. మా అమ్మను పిలిస్తే, పని ఉంది తర్వాత వస్తానంది. నాయన కెమెరా తగిలించుకున్నాడు. దారంతా బురద, నల్లబండ మీద పాచి, దాని కింద సుడి తిరుగుతున్న ఎర్రనీళ్ళు.

బండ దగ్గర నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "వొదులు పాపా, జనం సూస్తా ఉండారు" అన్నాడు. నేను వదల్లేదు. ఆయన నా చెయ్యి విడిపించుకుని ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు బండ మీద పడలేదు. కాలు మోకాలి దాకా నీళ్ళలోకి దిగింది. నేను ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి కూలబడ్డాను, ఇద్దరం బండ మీదే పడ్డాము. మొరవ దగ్గర డప్పుల చప్పుడులో మమ్మల్ని ఎవరూ చూడలేదు. ఒక్కరు చూశారు. కుడిపక్క ఊరి ఆడవాళ్ళంతా గంగమ్మకు చీర వదులుతుంటే, ఎడమ చివర తూము పక్కన మా అమ్మ ఒక్కతే తడిసి ముద్దయి నిలబడి ఉంది. చేతిలో గంప కూడా లేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, కేక బయటికి రాకుండా.

నాయన లేచి కూర్చుని, ఊపిరి తీసుకుని, ఫోటో తీశాడు. ఈసారి నన్ను ఏమీ చెప్పమనలేదు.

మరునాడు మధ్యాహ్నం ఆ ఫోటో కడిగాడు. తడి ఆరకముందే వసారాలోకి తెచ్చుకుని భూతద్దం పెట్టాడు. నేను గడపలో కూర్చుని ఉన్నాను, మా అమ్మ నా వెనక వంటింట్లో ఉంది. ఆయన చాలాసేపు చూశాడు. భూతద్దాన్ని పంచెతో తుడిచి మళ్ళీ చూశాడు. ఫోటోను వెలుతురుకు తిప్పి, తల అటూ ఇటూ వంచి చూశాడు. చివరికి భూతద్దం కింద పెట్టి నన్ను పిలిచాడు.

"పాపా, ఇందులో మీ అమ్మ యాడుండాది?" అని అడిగాడు.

ఆయనే మెల్లగా అన్నాడు. "ఎప్పుడూ తూము పక్కనే కదా ఉంటాది. ఈసారి రాలేదా? లేకపోతే నాకే కనపడలేదా?"

ఆయనకు మొదటి నుంచీ తెలుసు. మంచు కాలంలో తీసిన ఫోటోలోనే భూతద్దంతో ఆమెను చూశాడు. ఎండాకాలంలో నేను తూము చెప్పడం మానేసిన రోజు, నా నోరు ఎవరు కట్టేశారో కూడా అర్థం చేసుకున్నాడు. మొదట తన చూపు ఎంత తగ్గిందో కొలుచుకోవడానికే చెరువు ఫోటోలు తీసేవాడట, తాను చూడలేనిది కెమెరా ఎంత చూసిందో తెలుసుకోవడానికి. ఆమె కనిపించాక మాత్రం, "ఆమె ఉండాదా లేదా సూసుకునేదానికే పోతా ఉంటి" అన్నాడు. అంత భయంలోనూ ఆయనకు అదొక్కటే ధైర్యమట. ఇప్పుడు ఆ ధైర్యం భూతద్దానికి కూడా అందకుండా పోయింది. ఆ మాట చెబుతూ మా నాయన ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను.

నేను ఆయన చూపుడువేలు పట్టుకుని ఫోటో మీద పెట్టాను. ఎడమ చివర, తూము పక్కన, బియ్యపు గింజంత మనిషి. ఆయన వేలు తీయలేదు. వెనక వంటింట్లో ఏదో పళ్ళెం కింద పెట్టిన చప్పుడయింది. మా అమ్మ వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆయన పక్కన కూర్చుంది. పక్కన కూర్చుంటే ఆయనకు కనిపించదని గుర్తొచ్చి లేచి, ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నేనీడనే ఉండా" అంది. తర్వాత నిదానంగా, "రేపు పొద్దన బస్సుకు వేలూరు పోతా ఉండాము" అంది. ఆయన సరేనన్నట్టు తలూపాడు.

వేలూరు డాక్టరు మంచి మనిషి. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని, పోయిన చూపు ఇక రాదని, ఉన్నది నిలబెట్టడానికి చుక్కలు వేసుకోవాలని చెప్పాడు. ఏడాది ముందు వచ్చి ఉంటే ఎక్కువ నిలిచేదని కూడా చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అయింది మా పని. తర్వాత ఇంకొన్నేళ్ళు ఆయన స్టూడియో నడిపాడు, పక్కన మా అమ్మ నిలబడి అన్నీ చెబుతుండగా, ఊరందరికీ తెలిసే. ఫోటోలకు జనం రావడం మానలేదు. ఇంతోటి దానికా ఏడాదంతా చచ్చిపోయాము అని నాకు ఒళ్ళు మండేది.

వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, అందులో అనుమానం లేదు. ఆ ప్రాణాన్ని చెరువుకు అటొకరు ఇటొకరు నిలబడి మోశారు. ఎదుటి మనిషి తట్టుకోలేడని మనమే అనుకుని నోరు మూసుకోవడం కూడా ఒక విధంగా ఆ మనిషిని తక్కువ చేయడమేనని నాకు ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఒకటే అనుకున్నాను, నేను పెద్దయ్యాక ఏ పసిబిడ్డ తల మీదా చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకోనని.

ఆ కన్ను నాకూ వచ్చింది. పోయినేడు తిరుపతిలో డాక్టరు, మీకు కూడా ఒత్తిడి మొదలైందమ్మా అని చెప్పిన రోజు, బస్సు దిగి ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అందరినీ పిలిచి చెప్పేశాను. కొడుకు కోప్పడ్డాడు, కోడలు ఏడ్చింది, మనవరాలు మాత్రం చుక్కల మందు సీసా మీద రాసింది చదివి టైము ఎప్పుడెప్పుడని అడిగింది. ఊరందరికీ కూడా నేనే చెప్పాను. నా నోట్లో నువ్వుగింజ నానదని వాళ్ళకు మళ్ళీ తెలిసింది.

ఇప్పుడు సాయంత్రాలు చెరువు కట్ట మీద నడవడానికి వెళితే మనవరాలు నా ఎడమ చెయ్యి పట్టుకుని నడుస్తుంది. ఎడమ నుంచి కుడికి ఏమేమి ఉన్నాయో చెప్పమంటాను. విసుక్కుంటూనే చెబుతుంది. తూము పక్కన ఎవరైనా ఉన్నారా అని రోజూ అడుగుతాను.

"ఎవురూ లేరవ్వా" అంటుంది. చాటుగా కాపలా కాసేవాళ్ళు లేరన్న ఆ మాట విని, దాని చెయ్యి పట్టుకుని, నిమ్మళంగా ఇంటికి వస్తాను.